ఈల గుర్తు

ఆ డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో మా మామ వీరన్నకు ఈల గుర్తు వచ్చింది. మా ఊళ్ళో ఆరో వార్డు మెంబరు పోటీ అది. ఎదుటి మనిషి మా వీధి చివర కిరాణా కొట్టు అమర్నాథ్, ఆయనకు స్టూలు వచ్చింది. గుర్తుల కాగితం పట్టుకుని ఇంటికి వచ్చినప్పుడు మామ ముఖం వెలిగిపోతోంది.

"స్టూలును ఎవడు మోసుకుంట తిరుగుతడు బిడ్డా? ఈలైతే జేబుల వడ్తది. ఊదితే ఊరంత ఇనవడ్తది" అన్నాడు నాతో.

నిజమేననిపించింది నాక్కూడా. లోపలి గదిలో నా మరిది నవదీప్ ఉన్నాడనీ, అతని చెవుల సంగతి నాకు తెలుసనీ ఆ నిమిషం గుర్తే రాలేదు. పన్నెండేళ్ళుగా ఆ ఇంటి కోడలిని, పైగా అంగన్‌వాడీ టీచర్ని. సిగ్గుపడాల్సిన విషయం, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

మా ఇంట్లో కుక్కర్ వాడరు. నేను కాపురానికి వస్తూ తెచ్చుకున్న కుక్కర్ మొదటి రోజే అటకెక్కింది. అది కూత పెట్టగానే నవదీప్ రెండు చెవులూ మూసుకుని పెరట్లోకి పరుగెత్తి, గోడ మూలన గంటసేపు ముడుచుకుని కూర్చున్నాడు. మా అత్త మహాదేవమ్మ అప్పటికే ఏళ్ళ తరబడి పప్పు గిన్నెలోనే ఉడికిస్తోంది. ఆ రోజు నుంచి నేనూ అంతే. కూత పెట్టే గిన్నెను వద్దనుకున్న ఇల్లే, కూత పెట్టే గుర్తును సంబరంగా తెచ్చుకుంది.

నవదీప్‌కు ఇరవై ఆరేళ్ళు. ఇంట్లో అందరం 'వాడు' అనే అంటాం, గడ్డం వచ్చిన మనిషిని. ఇక్కడైనా 'అతను' అని రాస్తాను. సొంత మాటలు తక్కువ, విన్న మాటలు ఎక్కువ పలుకుతాడు. జహీరాబాద్ బస్టాండు అనౌన్స్‌మెంటు, టీవీలో సబ్బు ప్రకటన, ఎవరి గొంతు వాళ్ళదిగానే దించేస్తాడు. సాయంత్రం సరిగ్గా నాలుగింటికి అమర్నాథ్ కొట్టుకు వెళ్ళి, బయట వేసి ఉండే చెక్క స్టూలు మీద కూర్చుని, ఒక బిస్కెట్ పాకెట్టు తిని, నాలుగున్నరకు తిరిగి వస్తాడు. ఎండైనా వానైనా ఆ అరగంట అతనిది.

ఆటిజం అనే మాటను మా ఇంటికి తెచ్చింది నేనే. పిల్లల ఎదుగుదల మీద ట్రైనింగులో ఇచ్చిన పుస్తకాన్ని బస్సులో చదువుకుంటూ వస్తుంటే, పేజీ పేజీకీ నవదీపే కనిపించాడు. అప్పటికే అతనికి పంతొమ్మిదేళ్ళు. అంతవరకూ ఇంట్లో అతనికి మొండోడనీ, దేవుని బిడ్డనీ పేర్లు, దర్గా తాయెత్తులు, బీదర్ డాక్టరు మందులు. హైదరాబాద్ తీసుకెళ్ళి చూపిస్తే అక్కడి డాక్టరమ్మ, "ఇది జబ్బు కాదు, తగ్గించడానికి. అతని తీరు అది. మీరు నేర్చుకోవాలి" అంది. మామ బయటికి వచ్చి, "ఏడువేలు పెట్టి వస్తే మమ్ముల్నే నేర్చుకొమ్మంటది" అని విసుక్కున్నాడు. అయినా ఆ కాగితాలన్నీ నామినేషన్ కాగితాల కంటే భద్రంగా పెట్టాడు.

సరే, ఎన్నికల సంగతికి వస్తాను. గుర్తులు వచ్చిన సాయంత్రమే మామ తమ్ముడు శివశంకర్ ఓటర్ల లిస్టుతో మా ఇంట్లో కూర్చున్నాడు. ప్రచారానికి ఆయనే పెద్ద దిక్కు. మనవాళ్ళకు టిక్కు, అమర్నాథ్ మనుషులకు ఇంటూ, ఎటూ తేలనివాళ్ళకు సున్నా పెడుతున్నాడు.

"మనింట్ల ఐదు పక్కా. అన్న, వదిన, శ్రీకాంత్, భవాని, నవదీప్" అంటూ ఐదు టిక్కులు గీశాడు.

"నవదీప్‌ది మీరెట్ల గీస్తరు చిన్నమామా? అడిగిన్రా?" అన్నాను జొన్నరొట్టె వడ్డిస్తూ.

"వాణ్ణి అడుగుడేంది? మూడుసార్ల సంది అన్ననే తోడు పోయి ఏస్తుండు కదా."

"ఈసారి మామ పోటీల ఉండు. తోడు పోనిస్తరో లేదో."

"అయితే శ్రీకాంత్ పోతడు."

శ్రీకాంత్ అంటే నా మొగుడు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడు ఆయనకు కంచంలో రొట్టె తప్ప ఏమీ కనిపించదు.

"ఎవ్వలొద్దు. వాడే ఏస్తడు. నేను నేర్పిస్త" అన్నాను.

మామ నవ్వాడు. "నువ్వు బడి పిలగాండ్లకు అ ఆ లు నేర్పుతవు గని, వీనికి ఓటు నేర్పుతవా భవానీ? గీ వార్డుల నూటనలభై ఓట్లు లేవు. ఒక్కటి పోయినా పోయినట్టే."

"అందుకే చెప్తున్న మామా. గా ఒక్కటి వానిది."

ఇంత మాట్లాడుకున్నాం గానీ, గోడవైపు తిరిగి తింటున్న నవదీప్‌ను ఎవరమూ ఏమీ అడగలేదు. పెద్ద నోరేసుకుని వాదించిన నేను కూడా. ఆ సంగతి నాకు మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. నోరు కడుక్కుని నేరుగా అతని దగ్గరికే వెళ్ళాను.

"నవదీప్, ఈసారి ఓటు నువ్వే ఏస్తవా?"

అడిగి, మనసులో పది లెక్కపెట్టాను. మాట అతని చెవిన పడి, జవాబై తిరిగి రావడానికి టైము పడుతుంది. మధ్యలో మళ్ళీ అడిగామా, అతను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇన్నేళ్ళూ మా ఇంట్లో అందరూ మూడు దగ్గరే మళ్ళీ అడిగారు, ఐదు దగ్గర అతని జవాబు తామే చెప్పేశారు. నేను తొమ్మిది దాకా వచ్చాను.

"ఓటు నేనే" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

నాకు పట్టరాని సంతోషమైంది. ఆ మాట మామ కూడా విన్నాడు, వద్దని మాత్రం అనలేదు.

పోలింగుకు వారం ఉంది. అంగన్‌వాడీ పని వల్ల నేను ప్రచారానికి వెళ్ళకూడదు, అందుకని నా సాయంత్రాలన్నీ నవదీప్‌వే అయ్యాయి. తొమ్మిది అట్టముక్కల మీద బొమ్మలు గీసి వంటింటి గోడకు వరసగా అంటించాను. లైను, చీటీ, వేలికి సిరా, కాగితం, చాటున ముద్ర, మడత, డబ్బా, ఇల్లు. తొమ్మిదోది పెదవుల మీద వేలు. ఎవరికి వేశామో చెప్పనక్కర్లేదని. నవదీప్ రోజూ వాటిని ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే వేలితో తాకి, చివరిదాని దగ్గర "చెప్పొద్దు" అనేవాడు. ఆ మాట అతనికి బాగా నచ్చింది.

బిస్కెట్ల అట్టపెట్టెకు చీలిక పెడితే బ్యాలెట్ డబ్బా అయింది. ఆలుగడ్డ కోసి ముద్ర చేశాను. తెల్లకాగితాల మీద ఈల, స్టూలు, నోటా బొమ్మలు గీశాను. అత్త చీర అడ్డం కట్టి చాటు చేశాం. ఇవన్నీ రెండు రోజుల్లో వచ్చేశాయి. రానిది సిరా ఒక్కటే.

చేతికి ఏదైనా అంటితే నవదీప్ ఓర్చుకోలేడు. కూర అంటినా, నూనె అంటినా కడుక్కునేదాకా మరో పని లేదు. గోళ్ళు తీయడం కూడా అంతే, నెయిల్ కట్టర్ చూస్తే పిడికిలి బిగించేస్తాడు. అతను నిద్రపోయాక అత్త ఒక్కో వేలూ పట్టుకుని తీస్తుంది, పుట్టినప్పటి నుంచీ. అలాంటి మనిషి వేలికి నేను స్కెచ్ పెన్నుతో గీత పెట్టాను. చర్మం ఎర్రబడేదాకా రుద్ది రుద్ది కడిగాడు. అత్త వచ్చి పెన్ను లాక్కుంది.

"నీ ఓటు పాడుగాను, పోరని తోలు లేవగొడ్తవా ఏంది?" అంది. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని మెల్లగా, "నేను లేనినాడు వీని గోర్లెవరు తీస్తరని నాకు ఫికరయితది. నువ్వేమో ఓటు ఓటని తిరుగుతవు" అంది.

"అది గూడ గిట్లనే నేర్పుదమత్తమ్మా, జర జర" అన్నాను. నాకే నమ్మకం లేదు, అయినా అన్నాను.

అప్పుడొక ఉపాయం తట్టింది. మొదట నా వేలికి చుక్క పెట్టుకున్నాను. తర్వాత అత్తకు, శ్రీకాంత్‌కు. మామ చేయి చాచడానికి బెట్టు చేశాడు గానీ, నవదీప్ చూస్తున్నాడని చాచాడు. నవదీప్ అందరి వేళ్ళూ దగ్గరికి వచ్చి చూశాడు. మూడో రోజు తన వేలు తానే ముందుకు పెట్టాడు. ఆవగింజంత చుక్క. కడుక్కోలేదు, చూసుకుంటూ కూర్చున్నాడు. మరునాడు గీత పెట్టాను. మామ మాత్రం ఆ చుక్కతోనే ప్రచారానికి వెళ్తే, "ఏం వీరన్నా, నీ ఓటు ముందే ఏసుకున్నవా?" అని వార్డంతా ఆటపట్టించింది.

ఇక నేను దాచిన సంగతి. నవదీప్ వేసిన ఉత్తుత్తి ఓట్లు ఇంట్లో ఎవరికీ చూపించలేదు. రహస్యం అంటే రహస్యమే అని పైకి చెప్పాను. అసలు కారణం వేరు. మొత్తం తొమ్మిది కాగితాలు. ఏడు స్టూలు మీద, రెండు నోటా మీద. ఈల మీద ఒక్కటి లేదు. ఆ బొమ్మ కనిపించగానే అతని ఎడమ చేయి చెవి మీదికి పోయేది. ఇంటి కోడలిని, మామ ఓడిపోయే ఓటుకు నేనే దగ్గరుండి తర్ఫీదు ఇస్తున్నాను. అక్కడితో ఆపేసి, శ్రీకాంత్‌ను తోడు పంపితే ఎవరూ ఏమీ అనరు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం ఆడను. కాగితాలను పిల్లల బరువుల రిజిస్టరులో పెట్టి, అల్మారాలో పెట్టేశాను.

ఈలోగా శివశంకర్ జహీరాబాద్ వెళ్ళి రెండు డజన్ల ఈలలు తెచ్చాడు. పొద్దునా సాయంత్రం వీధిలో ఒకటే కూత. శ్రీకాంత్ ఫ్యాక్టరీలో మోత ఉన్నచోట పెట్టుకునే చెవి కప్పులు తెచ్చి తమ్ముడి తలకు తొడిగాడు. మాట్లాడని మనిషి చేసిన ఆ పని చూసి నాకు ఆయన మీద కొత్తగా ప్రేమ పుట్టింది. అయినా కప్పుల్లోంచి కూడా కూత దూరేది. నవదీప్ రోజంతా లోపలి గదిలోనే ఉండి, నాలుగింటికి మాత్రం కొట్టుకు వెళ్ళేవాడు.

అదీ పెద్ద సమస్య అయింది. "వీరన్న కొడుకే స్టూలు మీద కూసుంటుండు, ఇగ మనమెందుకు ఈలకు ఏసుడు?" అని కొట్టు దగ్గర ఎవరో అన్నారట. అందరూ నవ్వారట. నవ్విన సంగతి శివశంకర్ చెవిన పడింది.

"ఓట్లయ్యేదాక వాణ్ణి గాడికి పంపకున్రి" అన్నాడు. మామ సరేనన్నాడు.

"వానికి చెప్పక పంపకుంటే ఆగమైతడు మామా. రెండు రోజుల ముందు నుంచి బొమ్మ గీసి చెప్పాలె" అన్నాను.

"నాలుగు రోజులే కదా భవానీ. బిస్కెట్లు ఇంటికే తెప్పిస్త."

బిస్కెట్ల కోసం వెళ్తున్నాడనుకున్నాడు ఆయన. ఇరవై ఆరేళ్ళ కొడుకు గురించి ఆయనకు తెలిసింది అంత.

ఆ రోజు నాలుగింటికి నవదీప్ చెప్పులేసుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. గడియ పెట్టి ఉంది, బయట తాళం. "నాలుగు" అన్నాడు. బిస్కెట్ పాకెట్టు చేతిలో పెట్టింది అత్త. దాన్ని కింద పెట్టి మళ్ళీ "నాలుగు" అన్నాడు. గడియ లాగాడు, తలుపు ఊపాడు. తాళంచెవి మామ జేబులో ఉంది, మామ ప్రచారంలో ఉన్నాడు. నేను ఫోన్ చేస్తే, ఆ మోతలో ఆయనకు వినిపించలేదు. నాలుగూ పది అయ్యేసరికి మామ మనుషులు ఊరేగింపుగా మా వీధిలోకే తిరిగారు. సొంత ఇంటి ముందు ఆగి, ఇరవై మంది ఒక్కసారి ఈలలు ఊదారు.

నవదీప్ చెవి కప్పులు విసిరికొట్టి, తలను తలుపుకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అత్త వెనక నుంచి పట్టుకోబోతే అరిచి ఇంకా గట్టిగా కొట్టుకున్నాడు. ముట్టుకోవద్దని అత్తను నేను పక్కకు లాగాను. దిండు తెచ్చి తలకూ తలుపుకూ మధ్య పెట్టి, నేలమీద కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. ఆ సమయంలో మాట కూడా మోతే. బయటి నుంచి తాళం తీసి మామ తలుపు తోశాడు. నోట్లో ఈల అలాగే ఉంది. ఎదురుగా కొడుకు, నుదుటి మీద చీరుకుని రక్తం.

వీధిలో కూత ఎప్పుడు ఆగిందో తెలియదు. అత్త ఆయన్ని చూసి అరవలేదు, ఏడవలేదు.

"వాడు పుట్టినంక పొయ్యి మీద నేను కుక్కర్ వెట్టలే. నువ్వు ఇరవై ఈలలు దెచ్చినవు" అంది.

మామ నోట్లోంచి ఈల తీసి జేబులో వేసుకున్నాడు. నవదీప్ నెమ్మదించడానికి గంట పట్టింది. ఆ గంటా మామ గడప అవతలే నిలబడ్డాడు. తర్వాత తానే లోపలికి వచ్చి, మందుపట్టీ వెతికి తెచ్చి, అతికించబోయి ఆగి, నాకు ఇచ్చాడు. నేను నవదీప్‌కే ఇచ్చాను. అతను అద్దంలో చూసుకుంటూ వంకరగా అతికించుకున్నాడు.

మర్నాడు పొద్దున మామ గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఈలలన్నీ వెనక్కి తీసుకున్నాడు. శివశంకర్ నెత్తి పట్టుకున్నాడు. "గుర్తు ఈల. ఈల ఊదకుండ ప్రచారమెట్ల చేస్తవన్నా?"

"నోటితోని అడుగుత. ఏస్తమంటే ఏస్తరు, లేకుంటే లేదు."

అంతేకాదు. నాలుగింటికి తలుపు బార్లా తీసి, "నడువు కొడుకా, టైమయింది" అన్నాడు. తండ్రీ కొడుకులు వీధి పొడుగునా నడిచి అమర్నాథ్ కొట్టుకు వెళ్ళారు. పాలకని గిన్నె పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను. ఆ దృశ్యం వదులుకునే మనిషిని కాను. నవదీప్ తన స్టూలు మీద కూర్చున్నాడు. ఈల గుర్తు కండువా మెడలో ఉన్న మనిషి పక్కన నిలబడ్డాడు. కొట్టు ముందు జనం కళ్ళప్పగించి చూస్తున్నారు.

అమర్నాథ్ గల్లా దగ్గర్నుంచి లేచి ఇంకో స్టూలు తెచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. "కూసో వీరన్నా."

"వద్దు అమర్నాథ్. ఎవడన్న ఫోటో దీస్తడు."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినవు?"

"నాలుగైంది. వాని టైము."

అరగంటసేపు మామ అలా నిలబడే ఉన్నాడు. ఆ తర్వాత పోలింగు దాకా రోజూ అంతే. ఎదుటి పార్టీ స్టూలు పక్కన నిలబడి ఓట్లు పోగొట్టుకున్న అభ్యర్థి మా మండలంలో ఇంకొకరు ఉండరు. నేను మళ్ళీ ఉత్తుత్తి ఓట్లు వేయించలేదు. గోడ మీది బొమ్మలు మాత్రం నవదీప్ రోజూ తాకుతూనే ఉన్నాడు.

పోలింగు రోజు ఏడింటికే వెళ్ళాం, జనం తక్కువ ఉంటారని. ముందురోజే ఓట్లు వేసే బడి చూపించి, ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో ఎక్కడినుంచి రావాలో నడిపించి తెచ్చాను. నవదీప్ చెవి కప్పులు పెట్టుకుని, చీటీ రెండు చేతులతో పట్టుకుని మగవాళ్ళ లైనులో నిలబడ్డాడు. వెనక శ్రీకాంత్. పక్కన ఆడవాళ్ళ లైనులో అత్త, నేను. గదిలో ఒక మూల బెంచీ మీద పోటీలో ఉన్నవాళ్ళు కూర్చున్నారు. మామ, అమర్నాథ్ అప్పటికే ఓటు వేసి పక్కపక్కనే.

సిరా పెట్టే అతను వేలు పట్టుకోబోతే నవదీప్ తానే చాచాడు. నల్లటి తడి గీత గోరు మీదా చర్మం మీదా పడింది. స్కెచ్ పెన్నులా లేదు అది. నవదీప్ దాన్ని చూశాడు, భుజాలు బిగుసుకున్నాయి. అతను చూపు తిప్పి, గది మూలన ఉన్న మామ చేతి వంక చూశాడు. మామ తన సిరా వేలు పైకెత్తి చూపించాడు. నవదీప్ చేయి దించాడు, కడుక్కోవాలని చూడలేదు.

కళ్ళద్దాల ఆఫీసరు చెవి కప్పులు చూసి శ్రీకాంత్‌ను అడిగాడు. "ఈయనకు తోడు మీరు వస్తారా?"

శ్రీకాంత్ తండ్రి వైపు చూశాడు. మేమందరం చూశాం. ఒక్క ఊపు ఊపితే చాలు మామ తల.

"వాణ్ణే అడుగున్రి సార్" అన్నాడు మామ.

ఆఫీసరు నవదీప్ వైపు తిరిగాడు. "తోడు కావాలా బాబూ?"

వెనక లైనులో ఎవరో దగ్గారు. ఆఫీసరు మళ్ళీ అడగడానికి నోరు తెరిచాడు. మామ కూర్చున్నచోటి నుంచే, ఆగమన్నట్టు చేయెత్తాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆయన లెక్కపెడుతున్నాడని నాకు అర్థమైంది. నేను ఎన్నడూ ఆయనకు కూర్చోబెట్టి చెప్పలేదు, ఎప్పుడు చూసి నేర్చుకున్నాడో. పది దాటిపోయింది కూడా.

"వద్దు. నేనే" అన్నాడు నవదీప్.

సర్పంచ్ ఓటుకు గులాబీ కాగితం, వార్డు ఓటుకు తెల్లకాగితం తీసుకుని అట్ట చాటుకు వెళ్ళాడు. చాలాసేపు ఉన్నాడు. మడిచి తెచ్చి రెండూ డబ్బాలో వేసి, మా ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నం లెక్కపెట్టారు. ఆరో వార్డులో స్టూలుకు అరవై ఆరు, ఈలకు అరవై ఐదు, రెండు చెల్లలేదు. మళ్ళీ లెక్కపెట్టమన్నాడు శివశంకర్. మళ్ళీ అంతే వచ్చింది.

సాయంత్రం ఇంటి ముందు మా మనుషులు గుమిగూడారు. ఎవరి నోట చూసినా ఒక్క ఓటు, ఒక్క ఓటు. శివశంకర్ ఉండబట్టలేక నవదీప్ ముందుకు వెళ్ళాడు.

"నిజం చెప్పురా. ఎవరికేసినవు?"

"చెప్పొద్దు" అన్నాడు నవదీప్.

"మీ నాయినకు ఏసినవా, లేదా?"

"చెప్పొద్దు."

"వాడు చెప్పడు తమ్మీ" అన్నాడు మామ అరుగు మీద నుంచి. "రూలు. నువ్వేసింది మాత్రం నేనడిగిన్నా?" శివశంకర్ ఆ మాటకు కాస్త తడబడ్డట్టే కనిపించింది నాకు. ఆ పైన ఇంకెవరూ అడగలేదు. చీకటి కూడా పడలేదు, అందరూ వెళ్ళిపోయారు.

మామకు చాయ్ తీసుకెళ్ళాను. ఓడిపోయిన మనిషితో ఏం మాట్లాడాలో తెలియక గ్లాసు అక్కడ పెట్టి తిరగబోయాను.

"భవానీ. గా పిల్లల బరువుల రిజిస్టర్ల పెట్టినవు చూడు, పోరని కాయితాలు. అవి పొయ్యిల పెట్టు. ఎవరి కంట్లనన్న వడ్తే వాని ఓటు గుట్టు బయటవడ్తది."

"ఎప్పుడు జూసిన్రు మామా?"

"వాడు తల కొట్టుకున్ననాడు. మందుపట్టీకని అల్మారా తెరిస్తి."

అంటే గోనెసంచి పట్టుకుని తిరగకముందే. స్టూలు పక్కన నిలబడకముందే. 'వాణ్ణే అడుగున్రి సార్' అనకముందే. తొమ్మిదింటిలో ఒక్కటీ తన మీద పడలేదని తెలిసే, ఆయన ఆ బెంచీ మీద పది లెక్కపెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చాయ్ తాగుతూ, "ఊకె ఏడుస్తవేంది, ఓడింది నేనైతే" అన్నాడు.

కాగితాలు పొయ్యిలో పెట్టేశాను. బొమ్మల అట్టలు తీసేయబోతే నవదీప్ ఒప్పుకోలేదు, అవి ఇంకా వంటింటి గోడకే ఉన్నాయి.

అల్లం తవ్వడం అయింది, చెరకు నరకడం అయింది. నవదీప్ గోరు మీది గీత నెమ్మదిగా పైకి జరుగుతూ వచ్చింది. రోజూ పొద్దున మామ వేలు పక్కన తన వేలు పెట్టి చూసేవాడు. నిద్రలో అత్త మిగతా తొమ్మిది గోళ్ళు తీసినా, ఆ ఒక్క వేలు పిడికిట్లో దాచుకునే పడుకునేవాడు. మామ కూడా ఆ గోరు తీసుకోలేదు. ఇద్దరికీ చూపుడు వేలి గోరు పొడుగ్గా వికారంగా పెరిగింది.

ఉగాది వెళ్ళాక ఒక పొద్దున గీత గోరు చివరికి వచ్చేసింది. నవదీప్ అల్మారాలోంచి నెయిల్ కట్టర్ తెచ్చి, అరుగు మీద కూర్చున్న మామ ముందు చేయి చాచాడు. మేలుకుని ఉండగా, పట్టపగలు, తనంతట తాను. వంటింటి గుమ్మంలో అత్త చేతిలో జొన్నపిండి ముద్దతో అలాగే నిలబడిపోయింది.

మామ ముందు తన గోరు తీసుకుని చూపించాడు. తర్వాత కొడుకు వేలు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క నొక్కు నొక్కాడు. నల్లని ముక్క అరుగు మీద పడింది. నవదీప్ దాని వంక చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. కాసేపటికి తానే నోరు తెరిచాడు. ఎన్నికలప్పుడు మా వీధుల్లో తిరిగిన మైకు ఆటో అతని గొంతు అచ్చంగా దించేస్తూ, "ఆరో వార్డు ఓటరు మహాశయులారా, మీ అమూల్యమైన ఓటును ఈల గుర్తుపై వేసి వీరన్న గారిని గెలిపించండి" అన్నాడు.

మామ చేయి కట్టర్ మీదే ఆగిపోయింది. తలెత్తి కొడుకు ముఖంలోకి చూశాడు. నవదీప్ ఊపిరి తీసుకుని, అమర్నాథ్ ఆటో గొంతుతో మొదలుపెట్టాడు.

"మన వార్డు, మన మనిషి, మన స్టూలు. స్టూలు గుర్తుకే మన ఓటు."

మామకు ముందు నవ్వు రాలేదు. వచ్చాక ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "ఇంటున్నవా మహాదేవీ, మనింట్ల లీడరు వీడేనే" అన్నాడు. నవదీప్ చేయి వెనక్కి తీసుకోలేదు, పక్క వేలు ముందుకు పెట్టాడు. మిగిలిన తొమ్మిది గోళ్ళూ ఆ పొద్దున ఎండలోనే తీశాడు మామ.